మిత్రోవ్‌దాన్ దాకా పైగదిలో పోలీసు

సెప్టెంబరు 30, శనివారం
రెండు పంపులు, ఒక వాషింగ్ మెషీను మోటారుకు తీగ చుట్టాను. పైగది అద్దెకిచ్చాను. గది ఖాళీగా ఉంటే గోడలకు తడి పడుతుంది. అంతకన్నా కారణం లేదు.

అక్టోబరు 1, ఆదివారం
అద్దెకొచ్చినవాడి పేరు వుకాషిన్. ఇంకా ముప్ఫై నిండలేదు. బనాత్ మైదానం నుంచి వచ్చాడు. మా పిరోట్ కొండలు చూస్తే మెడ పట్టేస్తోందంటాడు. మా లెంకా చదివే హైస్కూలుకు కొత్తగా వేసిన పోలీసు ఇతనే. పిల్లలు పోలీసుని మామ అంటారు. మే నెలలో బెల్‌గ్రేడ్ బడిలో జరిగిన కాల్పుల తరువాత ప్రతి బడికీ ఒకరిని వేశారు. అతను పోలీసని నాకు ముందు తెలియదు. తెలుసు, కానీ గది చూడడానికి మామూలు బట్టల్లో వచ్చాడు.

మధ్యాహ్నం లెంకా వంటింట్లోకి వచ్చింది.

"నాన్నా, పైన ఎవరు?"

"అద్దెకు."

"ఎవరని అడిగా."

"బనాత్ అబ్బాయి. నెమ్మదస్తుడు."

"మా బడి మామ నాన్నా అతను! గేటు దగ్గర నిలబడి మా సంచులు తెరిపించే మామ! అమ్మ మగ్గం తీసి మామని పెట్టావా అక్కడ?"

మగ్గం జాగ్రత్తగా విప్పి కొట్టంలో పెట్టానని చెప్పాను. దుప్పటి కూడా కప్పానన్నాను.

"రేపటినుంచి క్లాసులో నా పేరేంటో తెలుసా? ఇన్‌ఫార్మర్! పోలీసుతో ఒకే కుండలో తినే పిల్లని ఎవరు నమ్ముతారు? నువ్వు నా వయసులో ఉన్నప్పుడు పోలీసు ఎదురొస్తే ఏం చేసేవాడివి?"

"రోడ్డు దాటి అవతలి పక్కన నడిచేవాణ్ణి."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ అంతే."

"మరిప్పుడు ఎటు దాటుతావు? నెత్తి మీదున్నాడు!"

నాకు జవాబులు రెండు రోజులు ఆలస్యంగా తోస్తాయి. రొట్టె కోస్తూ చెప్పాను, మిత్రోవ్‌దాన్ దాకానే అని. మా వైపు అద్దెలైనా, పాలేర్ల జీతాలైనా ఏడాదికి రెండు పండుగలకే మారతాయి, నవంబరులో మిత్రోవ్‌దాన్‌కి, మే నెలలో జుర్జెవ్‌దాన్‌కి.

"సరే. అయితే నేనూ నీతో మిత్రోవ్‌దాన్ నాడే మాట్లాడతా" అంది.

అక్టోబరు 2
మాట్లాడలేదు.

అక్టోబరు 3
మాట్లాడలేదు. ఉప్పు కావాలంటే ఉప్పుడబ్బా వైపు చూస్తుంది. నేను అందిస్తాను. ఇబ్బందేమీ లేదు. నేనూ పెద్దగా మాట్లాడేవాణ్ణి కాదు కదా.

అక్టోబరు 5, గురువారం
ఒక డ్రిల్లు, ఒక పంపు. మేమిద్దరం మాట్లాడుకోనిదంతా వుకాషిన్ మాట్లాడేస్తున్నాడు. పొద్దున్నే బడి గేటు దగ్గర నిలబడి ప్రతి పిల్లకీ పిల్లవాడికీ పేరు పెట్టి శుభోదయం చెబుతాడట. పేర్లన్నీ రెండు వారాల్లో నేర్చుకున్నాడట. ఒక్కరూ బదులివ్వరట. గవ్రిలో అనే పొడుగు కుర్రాడు మాత్రం రోజూ చేతులు పైకెత్తి, "కాల్చకు మామా, హోంవర్కు చేశాను" అంటాడట.

ఇవాళ మాత్రం ఒకమ్మాయి "హూఁ" అందట.

"హూఁ అంది బాబాయ్!" అన్నాడు మెట్లెక్కుతూ. లాటరీ తగిలినవాడు కూడా అలా నవ్వడు.

లెంకా పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

అక్టోబరు 8, ఆదివారం
మా ఆవిడ రూజిత్సా ఫోన్ చేసింది. ఆస్ట్రియాలో గ్రాజ్ ఊళ్ళో ఒక ముసలామెను చూసుకునే పనిలో ఉంది. క్రిస్మసుకు వస్తుంది. ఆదివారం ఆదివారం వీడియోలో మాట్లాడుతుంది, నేను వింటాను. ఆమె మగ్గం గది అద్దెకిచ్చిన సంగతి ఇంకా చెప్పలేదు. సందర్భం రాలేదు.

ఫోను పొయ్యి వైపు తిప్పి పెట్టాను. అప్పుడే పైన వుకాషిన్ దగ్గాడు.

"పైన ఎవరు?" అంది.

"పిల్లి."

"మనకి పిల్లి లేదుగా."

"వచ్చింది."

పైనుంచి స్పష్టంగా 'మ్యావ్' అని వినిపించింది. ప్రభుత్వోద్యోగి ఒకడు నా అబద్ధంలో ఇంత చురుగ్గా పాలుపంచుకోవడం నా జీవితంలో ఇదే మొదలు. తలుపు వెనక లెంకా దగ్గింది. దగ్గో, మరొకటో.

అక్టోబరు 17, మంగళవారం
వుకాషిన్ టోపీ పోయింది. నీలం యూనిఫాం టోపీ. ఉపాధ్యాయుల గదిలో కొక్కేనికి తగిలించి చేతులు కడుక్కుని వచ్చేలోగా మాయమైందట.

పొద్దుగూకేసరికి పొరుగింటి స్తమేనా అత్త మనవరాలి ఫోను పట్టుకుని కంచె దగ్గరికి వచ్చింది. "చూడరా తిహో, మీ అద్దెవాడి టోపీ!" బడి ముందున్న రాతి విగ్రహం తల మీద ఉంది. నుదుటికి కాస్త వాల్చి పెట్టారు. ఫోటో బాగా వచ్చింది.

అక్టోబరు 18
జీవశాస్త్రం గదిలోని అస్థిపంజరం తల మీద.

అక్టోబరు 19, గురువారం
గాడిద తల మీద. చెవులు రెండూ బయటికి తీశారు. వుకాషిన్ ఆ ఫోటోను చాలాసేపు చూసి, "నాకన్నా దీనికే నప్పింది బాబాయ్" అన్నాడు. నవ్వాడు, కానీ సూప్ సగం వదిలేశాడు.

ప్రిన్సిపాల్ దేసాంకా మేడం పిలిపించి, దొంగల పేర్లు రాసివ్వమందట. ఎవరో ఇతనికి తెలుసట. గేటు దగ్గర నిలబడేవాడికి ఎవరు ఎందుకు తల దించుకుని పోతున్నారో తెలియకుండా ఎలా ఉంటుంది?

"రాసిస్తే పోయేదిగా" అన్నాను.

"పేరు ఒకసారి పోలీసు కాగితం ఎక్కితే దిగదు బాబాయ్. పదిహేడేళ్ళ వాళ్ళు. రేపు ఉద్యోగానికి పోతే ఆ గాడిద వెంటే వస్తుంది."

"రాయకపోతే?"

"నవంబరు తొమ్మిదిన మా అధికారి తనిఖీకి వస్తాడు. టోపీ లేదు, పేర్లూ లేవంటే నన్ను సరిహద్దు చెక్‌పోస్టులో వేస్తారు. లారీలకి శుభోదయం చెప్పుకోవాలి."

ఇదంతా లెంకా గిన్నెలు కడుగుతున్నప్పుడే జరిగింది. కానీ నీళ్ళ చప్పుడు ఎక్కువగా ఉంది. వినిపించి ఉండదు.

అక్టోబరు 22, ఆదివారం
రూజిత్సా ఫోను. నమస్కారం లేదు, ఏమీ లేదు.

"ఏవయ్యా, మనింటి పిల్లి యూనిఫాం వేసుకుంటుందటగా?"

స్తమేనా అత్త ఫోన్ చేసి చెప్పేసింది. మగ్గం గురించి తిట్లకు సిద్ధపడి కూర్చున్నాను. ఆమె తిట్టలేదు. వాడు రాత్రిపూట ఏం తింటాడు, పైన స్టవ్వు వెలుగుతోందా అని అడిగింది. తరువాత, "అతని స్లావా ఎప్పుడు?" అంది.

"అడగలేదు."

ఆమె చేతిలో పని పక్కన పెట్టి ఫోను దగ్గరికి జరిగింది.

"మోటారు తెచ్చినవాణ్ణి ఎన్ని చుట్లో అడుగుతావు. ఇంట్లో మనిషిని పెట్టుకుని అతని ఇలవేల్పు పండుగ ఎప్పుడో అడగలేదా? మా అమ్మ బతికుంటే నిన్ను చేటతో కొట్టేది."

పైకెళ్ళి అడిగాను. తండ్రి పోయాక స్లావా తనకే వచ్చిందట. తల్లి కాళ్ళు నొప్పులతో బనాత్ నుంచి కదలలేదట. ఈసారి ఇక్కడే చేసుకోవాలట. ఎప్పుడు అన్నాను.

"మిత్రోవ్‌దాన్ బాబాయ్."

మెట్ల మీదే కూర్చుండిపోయాను.

అక్టోబరు 23, సోమవారం
పని లేదు. ఆలోచించాను.

స్లావా నాడు ఇంటాయన తలుపు తెరిచి ఉంచుతాడు. ఎవరినీ పిలవకూడదు. పిలవకుండా వచ్చినవాణ్ణి వెనక్కి పంపకూడదు. అందరూ తినేదాకా అతను కూర్చోకూడదు. అలాంటి రోజున, పండుగ భోజనాల మధ్యలో, "అబ్బాయ్, పెట్టె సర్దుకో" అని ఏ నోటితో చెప్పేది? ఆ తరువాత ఊళ్ళో నా దగ్గరికి మోటార్లు ఎవరు తెస్తారు?

జుర్జెవ్‌దాన్‌కి దొంగలు కూడుతారు, మిత్రోవ్‌దాన్‌కి విడిపోతారు అని మా పెద్దల సామెత. పూర్వం అడవిలో దారిదోపిడీగాళ్ళు ఆ రోజునే ఎవరి దారిన వాళ్ళు చలికాలపు గూటికి పోయేవారట. పోలీసుకు దక్కిన ఇలవేల్పు చూడండి.

లెంకా గది తలుపు దగ్గర నిలబడి చెప్పాను, "మిత్రోవ్‌దాన్ మర్నాడు పంపుతాను" అని. జవాబుగా లోపల పాట చప్పుడు పెద్దదైంది.

అక్టోబరు 27, శుక్రవారం
దేసాంకా మేడం పిల్లల సంచులు, బీరువాలు అన్నీ వెతికించింది. టోపీ దొరకలేదు. ఫోటోలు కూడా ఆగిపోయాయి. లెంకా ఇవాళ బడి నుంచి తొందరగా వచ్చింది. నేలమాళిగలోకి వెళ్ళి బంగాళాదుంపలు తెచ్చింది. తనంతట తానే. ఎవరూ అడగకుండా.

అక్టోబరు 28, శనివారం
క్యాబేజీ ఊరవేసే పీపా కడగడానికి నేలమాళిగలోకి దిగాను. మూత తీశాను. మళ్ళీ పెట్టేశాను.

పీపాలో ఏమీ లేదు. ప్లాస్టిక్ సంచి ఏమీ లేదు. నీలం రంగుది ఏమీ లేదు.

అక్టోబరు 30, సోమవారం
ఒక పంపు. క్యాబేజీ బండి వచ్చింది. గడ్డలన్నీ వరండాలో పేర్చాను. పీపాలో వేయడానికి ఇంకా చలి ముదరలేదు.

నవంబరు 1, బుధవారం
చలి ముదిరింది. వీధంతా క్యాబేజీ వేసేశారు.

"ఏరా తిహో, గడ్డలు వరండాలో గుడ్లు పెడతాయనా?" అంది స్తమేనా అత్త.

వాతావరణం చూస్తున్నానన్నాను.

"చూడు చూడు. నువ్వు చూసేలోపు అవి కుళ్ళుతాయి. పిరోట్‌లో పుట్టి క్యాబేజీ పారేసినవాడిగా నీ పేరు నిలిచిపోతుంది."

వుకాషిన్ కూడా ఊరుకోవడం లేదు. "నేను పీపా కడుగుతా బాబాయ్, నేను వేస్తా బాబాయ్" అంటాడు. నడుము నొప్పి అన్నాను. "అందుకే కదా నేను వేస్తానంటున్నది!" అన్నాడు. అవును, అది నిజమే.

ఇక్కడ ఎవరూ చూడరు కాబట్టి లెక్క రాసుకుంటాను. ఆ వస్తువు నేను తీస్తే, నేను చూశానని లెంకాకు తెలుస్తుంది. ఇప్పుడు మాట్లాడడమే లేదు, అప్పుడు చూడడం కూడా మానేస్తుంది. అతనికి చెబితే ఇంట్లో ఇన్‌ఫార్మర్‌ని నేనే అవుతాను. ఎవరికీ చెప్పకపోతే తొమ్మిదో తారీకున అతను సరిహద్దుకు పోతాడు. పోతే మంచిదే. లెంకాకు మాటిచ్చాను కదా. గది ఖాళీ అవుతుంది.

తడి పడుతుంది, అంతే.

నవంబరు 3
మాట్లాడలేదు. కానీ వరండాలో క్యాబేజీని చూసి, నన్ను చూసింది. నేను గోడ గడియారాన్ని చూశాను.

నవంబరు 5, ఆదివారం
రూజిత్సా ఫోను. క్యాబేజీ వేశావా అంది. ఇవాళ వేస్తానన్నాను. "ఇవాళ వేయకపోతే బస్సెక్కి వచ్చి నిన్నే వేస్తాను పీపాలో" అంది.

లెంకా స్నేహితురాలింటికి వెళ్ళింది. నేనూ వుకాషిన్ గడ్డలు మోసుకుని దిగాం. మూత తీశాను. అడుగున సంచి ఉంది, రెండు ముళ్ళు వేసి. అతను చూశాడు. నేను చూశాను. అతను చూడడం నేను చూశాను. నేను చూడడం అతనూ చూశాడు.

"ఉప్పెంత వేస్తారు బాబాయ్?" అన్నాడు.

"బకెట్టుకి ఇంత" అని చెయ్యి చూపించాను.

మా బనాత్‌లో ఇంకాస్త వేస్తారన్నాడు. మీ బనాత్‌లో నీళ్ళు చప్పన అన్నాను. గడ్డల తొడిమలు తొలిచి ఉప్పు కూరి, ఒక్కొక్కటే పేర్చాం. పైన నీళ్ళు పోశాం. చెక్క అడ్డం పెట్టి రాయి అతనే ఎత్తి పెట్టాడు. మంచి పని. ఈ ఏడు క్యాబేజీ బాగా ఊరుతుంది.

నవంబరు 7, మంగళవారం
రేపు స్లావా. బుధవారం కాబట్టి ఉపవాస వంట. మాంసం, పాలు, గుడ్లు ఏవీ ఉండవు. చేప, చిక్కుడు గింజలు, అక్రోటు వేసిన ఆకుచుట్టలు. గోధుమ ప్రసాదం తల్లి ఫోనులో చెబుతుంటే అతనే వండాడు. పండుగ రొట్టె స్తమేనా అత్త చేసింది. ఆ వంకతో ఇల్లంతా చూసిపోయింది.

ఎంతమందికి అని అడిగాను. "లెక్క పెట్టకూడదు కదా బాబాయ్" అన్నాడు. పెళ్ళికి సరిపడా వండాడు. నా లెక్కన నలుగురొస్తారు. వారం పాటు చేపే తినాలి.

రాత్రంతా అతను పైన అటూ ఇటూ నడిచాడు. ఊళ్ళో తనను చూస్తే రోడ్డు దాటేవాళ్ళు తప్ప ఎవరూ లేనివాడికి తలుపు తెరిచి కూర్చోవడం తేలిక కాదు. కూర్చోకూడదు కూడాను.

నవంబరు 8, బుధవారం. మిత్రోవ్‌దాన్
దీపం వెలిగించాం. పొద్దున ఫాదర్ వచ్చి రొట్టె కోసి వెళ్ళాడు. మధ్యాహ్నం స్టేషను నుంచి ఇద్దరు వచ్చారు. నిలబడి ఒక గ్లాసు తాగి, గడియారం చూసుకుని పోయారు. స్తమేనా అత్త కూర్చుంది. ఆమె లేవదు. తరువాత చాలాసేపు ఎవరూ రాలేదు. వుకాషిన్ చొక్కా చేతులు సర్దుకుంటూ, చేప మీద గుడ్డ కప్పుతూ, తీస్తూ ఉన్నాడు. లెంకా బడి నుంచి వచ్చి నేరుగా తన గదిలోకి పోయింది.

బడి వదిలాక దేసాంకా మేడం వచ్చింది. ఎందుకొచ్చిందో తెలియదు. స్లావాకి వచ్చినవాళ్ళను అడగకూడదు. ఆమె చెంచాతో ప్రసాదం తీసుకుంటుండగా గేటు చప్పుడైంది. చూస్తే వాకిట్లో లెంకా క్లాసు క్లాసంతా ఉంది. ముందు గవ్రిలో.

"స్లావా శుభం ఇంటాయనా! పిలవలేదు కాబట్టి వచ్చాం!"

ఎందుకొచ్చారో వాళ్ళ మొహాల మీదే ఉంది. మామ ఇల్లు గుల్ల చేసిపోదామని. వరసగా నిలబడి, శిలువ వేసుకుని, ఒక్కో చెంచా ప్రసాదం నోట్లో వేసుకున్నారు. గవ్రిలో కానుక పొట్లం అందించాడు. విప్పితే వేయించిన పందికొవ్వు ముక్కలు.

లెంకా గది తలుపు ధడాలున తెరుచుకుంది. "బుధవారం రా వెధవా! ఉపవాసపు స్లావాకి పందా?"

"నాకేం తెలుసే, మా ఇంట్లో బుధవారం కూడా పందే!"

వుకాషిన్ పొట్లం కళ్ళకు అద్దుకుని, "రేపు తింటా. కూర్చోండి, కూర్చోండి" అన్నాడు. కుర్చీలు చాలక నా మోటారు డబ్బాల మీద కూడా కూర్చున్నారు. ఇక మొదలైంది.

"మామా, ఉప్పు!"

"మామా, రొట్టె!"

"మామా, ఈ చేపకి తల లేదు. కేసు పెట్టు!"

అతను పళ్ళెంతో పరుగెడుతున్నాడు. చెమటలు కారుతున్నాయి, మొహం వెలిగిపోతోంది. కాసేపటికి గవ్రిలోకే ఏదోలా అయింది.

"కూర్చో మామా. నువ్వు నిలబడి వడ్డిస్తుంటే మింగుడు పడట్లేదు."

"ఇవాళ నేను కూర్చుంటే మా నాన్న సమాధిలోంచి లేచి నిలబడతాడురా. తిను."

అప్పుడు దేసాంకా మేడం అంది, "తినండి, బాగా తినండి. రేపటినుంచి ఈయన సరిహద్దులో లారీలకు వడ్డిస్తాడు."

నమలడం ఆగిపోయింది. ఎందుకని ఎవరో అడిగారు.

"ఎందుకేమిటి? టోపీ లేదు. రేపు తనిఖీ. పేర్లివ్వమని మూడు వారాలుగా అడుగుతున్నాను. ఇవ్వడు."

వాళ్ళకు తెలియదు. నిజంగానే తెలియదు. పిల్లల మొహాలు నాకు పెద్దగా అర్థం కావు కానీ, ఇది అర్థమైంది.

"నీకు పేర్లు తెలియవా మామా?" అన్నాడు గవ్రిలో.

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"గాడిద నాటినుంచి."

"మరి?"

"చేప తిను. ముళ్ళున్నాయి, చూసుకో."

లెంకా లేచి నేలమాళిగ మెట్లు దిగింది. కిందినుంచి అరుపు వినిపించింది.

"నాన్నా! పీపాలో క్యాబేజీ ఎవరు వేశారు?"

ముప్ఫై ఎనిమిది రోజుల తరువాత నా కూతురు నాతో మాట్లాడిన మొదటి మాట అది. ఊరంతా వినేలా.

"మేమే" అన్నాను.

"మేమంటే?" తల మాత్రం మెట్ల పైకి వచ్చింది.

"నేనూ, ఆయనా."

"అడుగున సంచి ఉంది కదా! చూడలేదా?"

"చూశాం."

"ఇద్దరూనా?"

వుకాషిన్ రొట్టె పళ్ళెంతో నిలబడి, "ఉప్పు ఎక్కువైందేమోనని నాకు కాస్త అనుమానం" అన్నాడు.

లెంకా అక్కడే మెట్టు మీద కూలబడింది. "చూసి ఊరుకున్నారా? ఉప్పునీళ్ళు పోశారా? నోరు తెరిచి ఒక్క మాట అనడానికి ఏమైంది నీకు నాన్నా? మాట్లాడడం కన్నా పోలీసు టోపీ ఊరవేయడం నీకు తేలికా?"

ఆలోచించాను. అవునన్నాను.

ఎవరో ఫక్కున నవ్వారు. లెంకా నవ్వలేదు. దేసాంకా మేడం దగ్గరికి వెళ్ళి నిలబడింది. నేను లేవబోయి, ఎందుకో లేవలేదు.

"నేను తీశాను మేడం. కొక్కెం మీదినుంచి. నన్ను ఇన్‌ఫార్మర్ అన్నారు కాబట్టి తీశాను. నా పేరే రాయండి. ఆయన్ని పంపకండి."

"గాడిద నాది" అన్నాడు గవ్రిలో, నోట్లో చేపతోనే.

"అస్థిపంజరం నేను పెట్టా" అంది మూలనున్న బక్క పిల్ల.

"విగ్రహం ఎక్కింది నేను. మోకాలు కూడా కొట్టుకుపోయింది, చూపించనా?" అని ఇంకొకడు.

దేసాంకా మేడం సంచిలోంచి కలం తీసింది. "విన్నావుగా వుకాషిన్. ఇక రాయి."

"ఏమని రాయను మేడం? నా టోపీ నేనుండే ఇంట్లో ఉంది. నేను మూసిన పీపాలో ఉంది. రాయి కూడా నా చేతుల్తోనే పెట్టాను. పోయిందని రాస్తే నాది దొంగ ఫిర్యాదు అవుతుంది."

"మరి ఆ ఫోటోలు?"

"గాడిదకి టోపీ పెట్టకూడదనే చట్టం కోసం వెతికాను మేడం. దొరకలేదు."

ఆమె కలం మూసింది. "కాఫీ ఇవ్వండి" అంది. మా వైపు స్లావాలో కాఫీ అంటే ఇక వెళ్తానని. తాగి లేచి, "రేపు అది నీ తల మీద ఉండాలి. నేనివాళ ఇక్కడికి రాలేదు" అంది. కానీ మిఠాయిల పొట్లం మాత్రం అడిగి కట్టించుకుంది.

తరువాత క్లాసంతా వరసకట్టి మెట్ల మీద నిలబడింది. గడ్డలు చేతులు మారుతూ పైకొచ్చాయి. అడుగునుంచి సంచి వచ్చింది. రెండు ముళ్ళు ఉన్నా ఉప్పునీళ్ళు లోపలికి దిగాయి. పిల్లలు ఒకరి తరువాత ఒకరు టోపీ వాసన చూసి, మొహం పెట్టి, పక్కవాడికి అందించారు. చివరికి లెంకా దాన్ని రెండు చేతులతో వుకాషిన్‌కు ఇచ్చింది. క్షమించమని అనలేదు. అతనూ అడగలేదు. "ఆరబెట్టేది వేడి స్టవ్వు మీద కాదు, ముడుచుకుపోతుంది" అంది.

చేప మిగల్లేదు. నా లెక్క తప్పింది.

నవంబరు 9, గురువారం
అధికారి వచ్చి వెళ్ళాడు. వుకాషిన్ ముందు ఆగి, గాలి పీల్చి, "ఇదేం వాసన?" అన్నాడట. "చలికాలం సార్" అన్నాడట ఇతను. అంతే. బడిలోనే ఉంచారు.

ఇక నా మాట మిగిలింది. లెంకాతో అన్నాను, ఇవాళ ఆయన్ని గది ఖాళీ చేయమని చెప్పాలి అని.

"చెప్పు" అంది.

నిలబడ్డాను.

"చెప్పవేం?"

"నోట్లో రొట్టె ఉంది."

"మింగి చెప్పు. లేదంటే జుర్జెవ్‌దాన్ దాకా ఉండనీ. ఖాళీగా ఉంటే నీకు తడి పడుతుందేమో" అంది.

గోడలకు అని సరిదిద్దాను. సరిగా వినలేదనుకుంటాను.

నవంబరు 10
లెంకా పొద్దున్నే మొదలుపెట్టి రాత్రి దాకా మాట్లాడింది. సగం మాటలు నా మీద ఫిర్యాదులే. మూడు మోటార్లు చుట్టాను.

నవంబరు 11
మాట్లాడింది.

నవంబరు 12, ఆదివారం
వెలుతురుండగానే కట్టెలు కొట్టడం మొదలుపెట్టాను. గేటు దగ్గర గవ్రిలో నిలబడి ఉన్నాడు. ఒక్కడే. చేతులు పైకెత్తలేదు, వెకిలి మాట అనలేదు.

"బాబాయ్, మామ ఉన్నాడా?"

ఉన్నాడన్నాను. వుకాషిన్ మామూలు స్వెట్టరుతో బయటికి వచ్చాడు.

"రా. ఏంటి?"

"మా అన్న సంగతి" అన్నాడు గవ్రిలో. వీధి వైపు ఒకసారి చూశాడు. "ఇక్కడ కాదు."

వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఆ కిటికీ సరిగా మూసుకోదు, మాటలు వాకిట్లోకి వస్తాయి. నేను గొడ్డలి పట్టుకుని అలాగే ఉండిపోయాను. లోపల పిల్లవాడు ఏడుస్తున్నట్టుంది.

కొట్టం వైపునుంచి లెంకా వచ్చింది. ఒక దుంగ తెచ్చి నా ముందు నిలబెట్టింది.

"ఆపావేం? కొట్టు నాన్నా. గట్టిగా కొట్టు. మనకి వినపడకూడదు."

కొట్టాను. ఆమె ఇంకో దుంగ పెట్టింది. చీకటి పడేదాకా కొట్టాను.